తౌడులో పీచు 21 శాతం వచ్చింది. శీలావతి చేపల ఎదుగుదల ఆగిపోవడానికి ఇదే కారణమా?

పాకాల చెరువుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. ఎకరంన్నర చెరువు, గట్టు మీద రెండు బోర్లు. నిరుడు ఆగస్టులో వంద గ్రాముల పిల్లలు 3,500 వదిలాం. అందులో 2,600 శీలావతి, 500 బొచ్చె, 200 మృగాల, 200 గడ్డిచేప. మేత అంటే నూనె తీసిన తౌడు, వేరుశనగ చెక్క. రంధ్రాలు చేసిన సంచుల్లో నింపి వెదురు కర్రలకు కడతాం. ఇప్పుడు రోజుకు 40 కేజీల తౌడు, 8 కేజీల చెక్క పడుతోంది.

నెలకోసారి విసురు వల వేయించి, ఇరవై శీలావతులను తూచి నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఫిబ్రవరి చివరికి సగటు 520 గ్రాములు. అంటే అప్పటిదాకా నెలకు 70 గ్రాముల చొప్పున పెరిగాయి. మార్చి మొదటి వారంలో తౌడు ఇచ్చే వ్యాపారిని మార్చాను. బస్తా మీద బాగా తక్కువ ధర చెప్పాడు, ఆశపడ్డాను. ఆ తరువాత లెక్క ఇదీ: మార్చి చివరికి 550, ఏప్రిల్ చివరికి 580, మే చివరికి 605. ఎండాకాలంలో నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడే చేప బాగా పెరుగుతుందని అందరూ అంటారు. మా చెరువులో అప్పుడే నెమ్మదించింది. మేత మాత్రం అంతకు ముందు ఎంత ఖర్చయ్యేదో ఇప్పుడూ అంతే ఖర్చవుతోంది, సంచులు ఖాళీ అవుతున్నాయి. ఈ మధ్య వారంలో రెండు మూడు రోజులు తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వస్తున్నాయి. బోరు వేసి నీళ్లు చిమ్మితే ఎండెక్కేసరికి సర్దుకుంటున్నాయి.

అనుమానం వచ్చి పాత తౌడు గుప్పెడు, కొత్త తౌడు గుప్పెడు తిరుపతిలో పరీక్ష చేయించాను. పాతదానిలో ముడిపీచు 14 శాతం, కొత్తదానిలో 21.

మొన్న శనివారం 610 గ్రాముల శీలావతిని ఒకదాన్ని కోసి చూశాను. అరటాకు మీద పెట్టి పేగును మెల్లగా విప్పుతూ పోతే తెగే దాకా వస్తూనే ఉంది. పురికొసతో కొలిచాను. చేప 36 సెంటీమీటర్లు, పేగు మూడున్నర మీటర్ల పైన. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంత పొడుగు పేగు ఉన్న చేపకు పీచు అరగదా? గేదెకూ పేగు పొడుగే కదా, గడ్డి తిని పాలిస్తుంది. పేగులో ఉన్నదాన్ని వేలితో నలిపితే సన్న ఇసుకలా గరగరలాడింది.

మా అత్తగారికి షుగరు. పీచు ఉన్నది తినమని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి రాత్రిపూట అన్నం మాని రాగిసంగటి తింటున్నారు. ఆమె అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతున్నాను: మనిషికి మేలు చేసే పీచు చేపకు కీడు ఎందుకు చేస్తుంది?

ఇంకొక సంగతి. ఇప్పుడు దామలచెరువు నుంచి చిత్తూరు దాకా ఎక్కడ చూసినా తోతాపురి మామిడి బండ్లే. గుజ్జు ఫ్యాక్టరీ నుంచి తొక్కలు తోలే ట్రాక్టరు అబ్బాయి ఒక లోడు ఊరికే ఇస్తానంటున్నాడు. ఎండబెట్టి, పొడి కొట్టి తౌడులో కలిపితే ఖర్చు తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

దాణా పరీక్షలు, తిరుపతి

అమ్మా, మీరు నెలనెలా తూకం రాసి పెట్టుకున్నందుకు ముందుగా సంతోషం. చాలామంది చేపలు ఎదగలేదని వస్తారు, ఎప్పటి నుంచి అని అడిగితే చెప్పలేరు. నేను పశువుల దాణా, కోళ్ల మేత, చేపల మేత పరీక్షించే పనిలో చాలా ఏళ్లు ఉండి విశ్రాంతి తీసుకున్నాను. మీ రెండు అంకెల్లోనే విషయం చాలావరకు ఉంది.

నూనె తీసిన మంచి తౌడులో ముడిపీచు 12 నుంచి 16 శాతం దాకా ఉండటం మామూలే. 21 ఉండటం మామూలు కాదు. వడ్ల ఊకలో అది 40 శాతం దాకా ఉంటుంది. మీ పాత తౌడులోని 14 నుంచి 21కి రావాలంటే ఎంత ఊక కలపాలో లెక్క వేయండి. దాదాపు 27 శాతం కలపాలి. మీరు రోజూ చెరువులోకి పంపిన 40 కేజీల్లో 11 కేజీలు ఊక పొడి అన్నమాట. మార్చి నుంచి ఇప్పటికి మూడు నెలలు. సుమారు ఒక టన్ను ఊకను మీ చేపల పొట్టల మీదుగా చెరువు అడుగుకు చేర్చారు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరవడానికి ఎండాకాలం కొంత కారణం కావచ్చు. కానీ అరగని మేత, మలం అడుగున పేరుకుని కుళ్లుతుంటే, ఆ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు రాత్రంతా నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. పగలు నాచు దాన్ని మళ్లీ నింపుతుంది. తెల్లవారే ముందు అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మీ చేపలు పైకి వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

పేగు పొడుగు గురించి మంచి ప్రశ్న అడిగారు. గేదె గడ్డిని అరిగించుకునేది పేగు పొడుగు వల్ల కాదు. దాని మొదటి పొట్ట ఒక పెద్ద పులియబెట్టే తొట్టి. అక్కడ కోట్ల సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల పాటు గడ్డిని నానబెట్టి విడగొడతాయి. గేదె దాన్ని మళ్లీ నోటికి తెచ్చుకుని నెమరు వేస్తుంది. శీలావతికి తొట్టి సంగతి అటుంచి అసలు పొట్టే లేదు. బొచ్చెకూ మృగాలకూ గడ్డిచేపకూ అంతే. గొంతు దాటిన మేత నేరుగా పేగులోకే పోతుంది. పొట్టలో ఊరే ఆమ్లం ఉండదు. దవడలకు పళ్లు ఉండవు, గొంతులో ఉన్న పళ్లతోనే నూరుకోవాలి. వెచ్చటి నీళ్లలో కొన్ని గంటల్లోనే మేత ఆ పేగంతా దాటి బయటికి వస్తుంది. పిండిపదార్థాన్ని విడగొట్టే రసాలు శీలావతి పేగులో బాగానే ఊరుతాయి, అందుకే తౌడు, చెక్క దానికి వంటబడతాయి. పీచులో ముఖ్య భాగమైన సెల్యులోజును విడగొట్టే శక్తి మాత్రం చేపకు సొంతంగా లేదు. పేగులోని సూక్ష్మజీవులు కాస్త చేస్తాయి, వాటికి చాలినంత సమయం దొరకదు. ఇక ఊకలో సెల్యులోజును గట్టిగా పట్టుకుని ఉండే లిగ్నిన్ ఉంటుంది, ఇసుక జాతికి చెందిన సిలికా ఉంటుంది. మీ వేలికి గరగరలాడింది ఇదే అయి ఉండాలి. ఊకను గేదె కూడా సరిగా అరిగించుకోలేదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. పీచు మీ చేపకు విషంలా పనిచేయలేదు. అది చోటు ఆక్రమించింది. పాత తౌడులో మాంసకృత్తులు 15 శాతం ఉన్నాయనుకుంటే, అంత ఊక కలిశాక అవి 12 దాకా పడిపోతాయి. పేగు నిండుతుంది, చేప మేత మానేస్తుంది, కానీ కండకు కావలసినది అందదు. సంచి ఖాళీ అయితే చేప తిన్నట్టు లెక్క వేస్తాం మనం. ఏమి తిన్నదన్నది సంచి చెప్పదు. తౌడును, చెక్కను కలిపి మొత్తం మేత మీద లెక్క వేసినా మీ పీచు 13 శాతం నుంచి 19 దగ్గరికి వెళ్లింది. పెంపకపు చేపల మేతలో దాన్ని 10 శాతం లోపు ఉంచాలని చూస్తారు. తౌడు మీద ఆధారపడే మన చెరువుల్లో 13 అంటే సర్దుకోవచ్చు, 19 అంటే ఎదుగుదల మీద ఆశ వదులుకోవాలి.

ప్రయోగశాల ఇచ్చే ముడిపీచు అంకె గురించీ తెలుసుకోండి. మేతను ముందు పలుచటి గంధకామ్లంలో అరగంట, తరువాత పలుచటి క్షారంలో అరగంట మరగబెట్టి, మిగిలినదాన్ని ఎండబెట్టి తూచి, కాల్చి, బూడిద తీసేస్తే వచ్చేది ముడిపీచు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో పశువుల మేత కోసం మొదలైన పద్ధతి. నీటిలో కరిగే పీచు, అంటే పండ్లలో ఉండే పెక్టిన్, జిగుర్లు ఆ మరుగుడులోనే కొట్టుకుపోతాయి, లెక్కకు రావు. మీరు అడిగిన మామిడి తొక్కలో ఆ జాతి పీచు కూడా బాగా ఉంటుంది. కాబట్టి తొక్కను పరీక్షకు ఇచ్చి తక్కువ అంకె వస్తే మోసపోకండి.

ఇంట్లోనే ఒక పని చేయండి. చేప పేగులోని పదార్థం చెంచాడు తీసి తెల్లటి సాసరులో నీళ్లు పోసి కలపండి. మెత్తటిది వంచేసి, అడుగున మిగిలినదాన్ని భూతద్దంతో చూడండి. ఊక ముక్క అయితే పసుపు రంగులో, పైభాగాన వరుసలు వరుసలుగా బొడిపెలతో కనిపిస్తుంది. తౌడు పొర పలుచగా, మెత్తగా ఉంటుంది.

పలమనేరు గడ్డి చెరువు

చెల్లెమ్మా, మామిడి తొక్క సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చేసి నష్టపోయాను. మూడేళ్ల కిందట మీలాగే ఊరికే వస్తోందని రెండు లోడ్లు దింపించుకున్నాను. ఎండబెడుతుండగా వాన వచ్చింది. సగం బూజు పట్టి పారబోశాను. అదే మొదటి నష్టం. మిగిలిన సగం పొడి కొట్టి తౌడులో మూడో వంతు కలిపాను. పది రోజులకే తేడా కనిపించింది. సంచుల నోళ్ల దగ్గర మేత జిగటగా ముద్ద కట్టింది. చేప తక్కువ తిన్నది. గట్టు వారన నీళ్లు కలి కుండలా తయారయ్యాయి. మా గట్టు మీద నిలబడితే పులిసిన వాసన వచ్చేది. ఇరవై రోజులు చూసి ఆపేశాను. ఆ నెల తూకంలో మార్పే లేదు.

తొక్కలో మాంసకృత్తులు చాలా తక్కువ. వగరు కూడా ఉంటుంది, టెంకలోని జీడిలో ఇంకా ఎక్కువ. చేపకు ఆ వగరు పడదు. మా తమ్ముడు అదే తొక్కను ఆవులకు పచ్చిగడ్డితో పాటు కొద్దికొద్దిగా వేశాడు. అవి బాగానే తిన్నాయి. దింపించుకుంటే పశువులకు వాడుకోండి, చెరువుకు వద్దు.

మీకు గడ్డిచేపలు 200 ఉన్నాయన్నారు. వాటికి ఏమి వేస్తున్నారో రాయలేదు. అవి కూడా ఆ ఊక తౌడే తింటుంటే శీలావతి వాటాను తింటున్నట్టే. నేను గట్టు మీదే నేపియర్ గడ్డి పెంచి, లేత ఆకును వెదురు చట్రంలో వేస్తాను. పొద్దున వేసింది సాయంత్రానికి ఈనెలు మాత్రం మిగులుతాయి. వెచ్చటి రోజుల్లో గడ్డిచేప తన బరువులో సగం దాకా పచ్చిమేత తింటుంది. ఒకసారి చట్రం కింద నీళ్లు తేటగా ఉన్నప్పుడు వంగి చూశాను. గడ్డిచేప వదిలిన మలం తరిగిన ఆకుకూర లాగే పచ్చగా ఉంది. మృగాలలు కింద కాచుకుని దాన్ని ముక్కుతో పొడుస్తున్నాయి. మా చెరువులో మృగాల ఎప్పుడూ బరువు తగ్గకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ముత్తుకూరు పాత విద్యార్థి

పైన ఇద్దరూ చెప్పినదానికి కొంచెం చేర్పు. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుకున్నాను, ఇప్పుడు శ్రీకాళహస్తి వైపు చెరువులు చూస్తున్నాను.

గడ్డి తినే గడ్డిచేప పేగు దాని ఒంటికి రెండు మూడు రెట్లే ఉంటుంది. మీ శీలావతి పేగు దాదాపు పది రెట్లు. ఇది తలకిందులుగా ఉందని మొదటి ఏడాది నేనూ అనుకున్నాను. గడ్డిచేప పీచును అరిగించుకోదు. గొంతులోని రంపం లాంటి పళ్లతో ఆకును చీల్చి, కణాలు పగిలినప్పుడు వచ్చే రసాన్ని తీసుకుంటుంది, పిప్పిని వదిలేస్తుంది. అందుకే అంత ఎక్కువ తింటుంది, అంత ఎక్కువ వదులుతుంది. పగలని కణం అలాగే బయటికి వస్తుంది. పలమనేరు అన్నగారు చూసిన పచ్చదనం అదే.

మీ అత్తగారి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పీచు వల్ల మనకు జరిగే మేలు చాలావరకు పెద్దపేగులో జరుగుతుంది. అక్కడ తిన్నది ఒక రోజుకు పైగా నిలుస్తుంది, సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి, పేగు గోడకు అవి బలం. చేపలోనూ ఈ పని జరుగుతుంది, కొద్దిగా. పైగా మీ అత్తగారికి కావలసింది చక్కెర మెల్లగా ఎక్కడం, బరువు పెరగకపోవడం. మీ చేపకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

కరిగే పీచు, కరగని పీచు అని రెండు ఉన్నాయి. కరగనిది, అంటే ఊక లాంటిది, మేతను తొందరగా తోసేస్తుంది. కరిగేది, అంటే పెక్టిన్, గోరుచిక్కుడు జిగురు లాంటివి, పేగులో జిగటను పెంచి, పోషకాలు గోడకు చేరకుండా అడ్డుపడుతుంది. అయితే పీచును పూర్తిగా తీసేయాలని అనుకోవద్దు. కొద్దిపాటి పీచు పేగు కదలికకు, మలం గట్టిగా ఉండటానికి, మంచి సూక్ష్మజీవులకు అవసరం. మలం విడిపోకుండా ముద్దగా పడితే నీళ్లు కూడా శుభ్రంగా ఉంటాయి. కొర్రమీను లాంటి మాంసాహార చేపకైతే పీచు ఇంకా తక్కువ ఉండాలి. దానికి పొట్ట ఉంది కానీ పేగు పొట్టి. తిలాపియా ఇంకొంచెం ఓర్చుకుంటుంది.

పాకాల చెరువుగట్టు

సార్, అన్నా, తమ్ముడూ, ముగ్గురికీ నమస్కారం. మీరు రాసిన రోజు రాత్రే ఇంకో శీలావతిని కోశాను. సాసరులో కడిగి, మా పాప బడి భూతద్దంతో చూశాను. సార్ చెప్పినట్టే ఉంది. పసుపు ముక్కలు, వాటి మీద దువ్వెన పళ్లలా వరుసగా బొడిపెలు. ఒక చెంచాడులో ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని మొదలుపెట్టి, అరవై దాటాక ఆపేశాను. చేప కళ్ల ముందు ఉంది, పేగు నిండుగా ఉంది, దానికి నేను మూడు నెలలు ఆకలి పెట్టానని అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు ఇంట్లో మిగిలిన 14 బస్తాలు, పరీక్ష కాగితం, సాసరులో ఎండిన ఊక పొడి తీసుకుని వ్యాపారి దగ్గరికి వెళ్లాం. మిల్లు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఇచ్చానని చాలాసేపు వాదించాడు. అంకె చూపించాక తొమ్మిది బస్తాలు వెనక్కి తీసుకున్నాడు. అయిదింటికి డబ్బులు ఇవ్వలేదు. వాటిని గేదెల కొట్టంలో పరుపుగా వేశాను. మళ్లీ పాత వ్యాపారి దగ్గరే తౌడు తెచ్చుకుంటున్నాను. ఇకనుంచి కొత్త లోడు వచ్చిన ప్రతిసారీ గుప్పెడు తీసి సాసరులో కడిగి చూశాకే బస్తాలు దింపించుకుంటాను. సార్, మీరు చెప్పిన ఆ పని అయిదు నిమిషాలే పట్టింది.

రెండు రోజులు మేత పూర్తిగా ఆపి, సున్నం చల్లి, బోరు నీళ్లు ఎక్కువ పెట్టాం. తెల్లవారుజామున నోళ్లు తెరవడం వారంలో ఒకసారికి తగ్గింది. వానలు పడ్డాయి కాబట్టి మేత ఒక్కదాని వల్లే తగ్గిందని అనలేను. గడ్డిచేపలకు గట్టు మీది నేపియర్ ఆకు వేస్తున్నాం. అన్నా, మీరన్నది నిజం, సాయంత్రానికి ఈనెలే.

మామిడి తొక్క వద్దని ట్రాక్టరు అబ్బాయికి చెప్పేశాను. పొరుగున ఆవులున్న వాళ్లకు ఒక లోడు దింపాడు.

పాత వ్యాపారి తౌడు మళ్లీ మొదలై అయిదు వారాలు అయింది. నిన్న వల వేశాం. ఇరవై శీలావతుల సగటు 668. జూన్‌లో కోసిన రెండూ 610, 615 ఉన్నాయి కాబట్టి యాభై గ్రాములకు పైగానే వచ్చినట్టు. ఇరవైలో నాలుగు మాత్రం 600 దాటలేదు, నడుము సన్నగా ఉన్నాయి. వాటిని వేరే గుర్తుతో రాసుకుని మళ్లీ వదిలాను. ఆగస్టు చివరి ఆదివారం తూచి ఇక్కడే రాస్తాను.